ఉద్యోగం విషయంలో దేవుని చిత్తం తెలుసుకోవడం: కవిటి నుంచి ఒక అనుభవం

ప్రభువు నామమున మీకు వందనాలు. బెంగళూరులో మంచి ఉద్యోగం వచ్చిందని, టెక్కలి దగ్గర ఊళ్లో నాన్నగారు ఒంటరిగా ఉంటున్నారని, ప్రార్థించి బైబిలు తెరిస్తే అబ్రాహాము స్వదేశం విడిచి బయలుదేరిన ఆదికాండము 12వ అధ్యాయం వచ్చిందని, సంఘంలో ఒక సహోదరి కూడా మీరు వెళ్ళడమే దేవుని చిత్తమని చెప్పారని, ఇంత జరిగినా మనసుకు నెమ్మది లేదని రాశారు. 2018లో నేను దాదాపు ఇదే స్థితిలో ఉన్నాను కాబట్టి నా అనుభవం నుంచే సమాధానం రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఆ సంవత్సరం అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ప్రాంతంలో ఎందరివో తోటలు పోయాయి, వాటితో పాటు మా కొబ్బరి తోటా నేలకూలింది. కొత్త మొక్క నాటితే కాపుకు ఐదారేళ్ళు పడుతుంది. అప్పటికే నాన్నకు మూత్రపిండాలు దెబ్బతిని (ఉద్దానంలో ఎందరికో ఉన్న ఈ జబ్బు గురించి మన జిల్లావారికి వేరుగా చెప్పనక్కర్లేదు) వారానికి రెండుసార్లు సోంపేటలో డయాలసిస్ జరుగుతోంది. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూసేవాడిని. తుపాను తర్వాతి నెలలోనే, జీతం పెంచి నన్ను పుణె శాఖకు పంపుతామన్నారు.

ఆ ఏడాది జనవరి 1న అర్ధరాత్రి ఆరాధనలో నాకు వచ్చిన వాగ్దాన కార్డులో (కొత్త సంవత్సరానికని ఒక్కొక్కరికి ఒక బైబిలు వాక్యం రాసి ఇచ్చే కార్డు) సరిహద్దులు విశాలమవుతాయన్న భావం గల వాక్యం ఉంది. అది పుణె గురించేనని నిశ్చయించుకున్నాను. అయినా ధైర్యం చాలక మూడు రోజులు ఉపవాసం ఉండి చీట్లు వేశాను. మొదటిసారి వెళ్ళమని, రెండోసారి ఉండమని వచ్చింది. మూడోసారి కూడా వేశాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ బాధగా ఉంది, ఎందుకంటే ఆ మూడో చీటీ విప్పుతున్నప్పుడు, నాకు కావలసిన మాటను దేవుని చేత పలికించుకోవాలని చూస్తున్నానన్న సంగతి లోలోపల నాకు తెలుసు.

క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, మా సంఘ పెద్ద ఒకాయనను కలిసి, నా కోసం ప్రార్థించమని అడిగాను. ఆయన అంతా విని, "మీ నాన్న ఆస్పత్రికి ఎవలితో ఎల్తన్నాడు బాబూ?" అని అడిగారు. నాకు తెలియదు. చర్చి గుమ్మం ఎన్నడూ తొక్కని మా పక్కింటి ఆటో ఆయన, తెల్లవారుజామునే నాన్నను తీసుకెళ్ళి, నాలుగు గంటలు బయట కూర్చుని, మళ్ళీ ఇంట్లో దింపుతున్నాడని ఆ రోజే విన్నాను. తల్లిదండ్రులకు చేయవలసినదాన్ని కొర్బాను అని, అంటే దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు గద్దించిన మార్కు సువార్త 7వ అధ్యాయం నాకు బాగా తెలిసినదే. కానీ ఆ మూడు రోజుల ఉపవాసంలో దాన్ని ఒక్కసారీ తెరవలేదు.

అప్పటి నుంచి గుర్తుల విషయంలో నా అభిప్రాయం మారింది. ఇశ్రాయేలు న్యాయాధిపతి గిద్యోను గుర్తు కోసం గొర్రెబొచ్చు నేల మీద పరిచింది దేవుని చిత్తం తెలుసుకోవడానికని మనవాళ్ళు తరచుగా అంటారు గానీ, న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో దేవుడు అతనికి చేయవలసిన పని ముందే స్పష్టంగా చెప్పాడు; బొచ్చు సంగతి ఆ తర్వాతిది. యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడానికి చీట్లు వేసిన అపొస్తలులు, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు దినం తర్వాత ఏ నిర్ణయానికైనా మళ్ళీ చీట్లు వేసినట్టు కొత్త నిబంధనలో కనబడదు. యెరూషలేములో సంఘానికి పెద్ద సమస్య వచ్చినప్పుడు వారు కూడుకుని, వాదించుకుని, లేఖనాలను పరిశీలించి, పరిశుద్ధాత్మకూ తమకూ అది మంచిదిగా తోచిందని ఉత్తరం రాశారు (అపొస్తలుల కార్యములు 15). వాళ్ళ వాదనలోనూ ఆలోచనలోనూ ఆత్మ ఉన్నాడని నేను నమ్ముతాను.

ఇక మీరు రాసిన నెమ్మది సంగతి. నెమ్మది కలిగితే దేవుని చిత్తం, కలగకపోతే కాదు అని నేనూ చాలాకాలం అనుకున్నాను. కానీ దేవుని మాటకు ఎదురుతిరిగి తర్షీషుకు పారిపోతున్న యోనా, తుపానులో కూడా ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. తండ్రి చిత్తానికి లోబడుతున్న ప్రభువు గెత్సేమనేలో వేదనతో చెమటోడ్చాడు. అందువల్ల మీ మనసులోని కలత, వెళ్ళకూడదనడానికీ వెళ్ళాలనడానికీ రుజువు కాదు. అది నాన్నగారి మీద ప్రేమ కావచ్చు, కొత్త ఊరంటే భయమూ కావచ్చు. ఏది ఎంతో మీరే నిజాయితీగా చూసుకోవాలి.

నేను పుణె వెళ్ళలేదు. ఇచ్ఛాపురంలో తక్కువ జీతానికి ఒక పనిలో చేరి, నాన్న ఉన్నంతకాలం ఆయన వెంట సోంపేట వెళ్ళాను. ఇది నా కథే గానీ మీకు ఆజ్ఞ కాదని గట్టిగా చెప్పదలిచాను. నాన్నను చూసుకునే ఏర్పాటు సక్రమంగా చేసి వెళ్ళి ఉంటే పుణె వెళ్ళడం పాపమయ్యేదని నేను అనుకోను. వివాహం గురించి పౌలు రాసినప్పుడు కూడా, విధవ తనకు ఇష్టమైనవానిని ప్రభువునందు మాత్రమే పెళ్లి చేసుకోవచ్చన్నాడు (1 కొరింథీయులకు 7:39). హద్దు ఒకటి పెట్టి, ఆ లోపల ఎంపికను ఆమెకే వదిలాడు. మీరు బెంగళూరులో ఉన్నా ఊళ్లో ఉన్నా నాన్నగారిని సన్మానించడమూ, సత్యంగా పనిచేయడమూ, సంఘంతో కలిసి ఉండడమూ దేవుని చిత్తమని ఇప్పటికే మీకు తెలుసు. మిగిలినదానికి బుద్ధిని వాడమని, జ్ఞానం కొదువైతే అడగమని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది.

చేరవలసిన తేదీ దగ్గరపడిందని కంగారుపడి నిర్ణయించకండి. వీలైతే గడువు అడగండి. యెరూషలేము ప్రాకారాల సంగతి కిస్లేవు మాసంలో విన్న, పారసీక రాజు పానదాయకుడైన నెహెమ్యా, నీసాను మాసం వరకు, అంటే సుమారు నాలుగు నెలలు, ప్రార్థిస్తూ ఆగాడు. రాజు అడిగేసరికి ఎన్నాళ్ళు పడుతుందో, ఏ ఉత్తరాలు కావాలో, దేనికి కలప కావాలో చెప్పగలిగాడు. మీ సహోదరికి కలిగిన తలంపును తోసిపుచ్చకండి, కానీ మీ కుటుంబం తెలిసిన ఇద్దరు ముగ్గురు పెద్దల ఎదుట పెట్టండి. అంతకంటే ముందు ఒక ఆదివారం ఊరికి వెళ్ళి, ఆరాధన అయ్యాక నాన్నగారి దగ్గర కూర్చుని, ఆయనకు ఏం కావాలో ఆయననే అడగండి. మీ ప్రశ్నలో అందరి మాటా ఉంది, ఆయన మాట ఒక్కటే లేదు.