ఉబుంటు మీద విమానం నడపాలనుకున్న అల్లుడికి

విజయవాడ

చి. అల్లుడికి ఆశీస్సులు.

విండోస్ జోలికి పోకుండా గుంటూరులో ఉన్న ఆ ఉబుంటు కంప్యూటర్ మీదే ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడాలంటున్నావు. ఆడొచ్చు. అయితే డబ్బు కట్టకముందే గ్రాఫిక్స్ కార్డు, డిస్కు, జాయ్‌స్టిక్, ఈ మూడూ సరిచూసుకో. "లినక్స్‌లో ఆట నడవట్లేదు" అనేవాళ్ల గొడవ చాలావరకు వీటి దగ్గరే ఉంటుంది, ఆటలో కాదు.

వర్చువల్‌బాక్స్‌లో, అంటే కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ కట్టే ప్రోగ్రాములో, విండోస్ పెట్టే ఆలోచన మాత్రం మానెయ్. విండోస్ లేస్తుంది, ఆట ఎక్కుతుంది, కానీ లోపలున్న విండోస్‌కి నీ అసలు కార్డు అందదు. ఉత్తుత్తి కార్డుతో విమానం రన్‌వే దాటేలోపే విసుగొస్తుంది.

నీకు కావలసింది ఆటలు అమ్మే, నడిపే స్టీమ్ అనే ప్రోగ్రాము, అందులో వచ్చే ప్రోటాన్. విండోస్ ప్రోగ్రాముల్ని లినక్స్‌లో నడిపే వైన్ మీద కట్టి, స్టీమ్ కంపెనీ వాల్వ్ వాళ్లు 2018లో ప్రోటాన్‌ని వదిలారు. అది విండోస్‌ని తెచ్చి పెట్టదు. ఆట డైరెక్ట్‌ఎక్స్‌లో, అంటే విండోస్ గ్రాఫిక్స్ భాషలో, అడిగిన బొమ్మల్ని అప్పటికప్పుడు లినక్స్‌లో నడిచే వల్కన్ అనే భాషలోకి మార్చి కార్డుకి అందిస్తుంది. అందుకే కార్డుకి వల్కన్ 1.3 లేకపోతే ఇప్పటి ప్రోటాన్ చేతులెత్తేస్తుంది. ఎన్విడియాలో జీటీ 710 లాంటి కెప్లర్ అనే పాత తరం కార్డులు ఇక్కడే ఆగిపోతాయి. జీటీఎక్స్ 750, ఆపైన 900 సిరీస్ నుంచి ఫరవాలేదు, మధ్యలో 760, 770, 780 మాత్రం కెప్లరే. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 400 సిరీస్ నుంచి నిశ్చింత. ఇంటెల్ సొంత గ్రాఫిక్స్ అయితే ఆరో తరం లేదా ఆ పైది ఉండాలి, అదీ పాత ఆటలకే.

ఎన్విడియా అయితే 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, ఉబుంటుతో వచ్చే ఉచిత డ్రైవర్ నువో బదులు 'టెస్టెడ్' అని రాసున్న కంపెనీ డ్రైవర్ ఎంచుకుని, ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. ఏఎండీకి ఏమీ వెయ్యక్కర్లేదు. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఎన్విడియా సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ పెట్టు, లేకపోతే ఆట వెళ్లి ఇంటెల్ మీద కూర్చుంటుంది.

స్టీమ్‌ని ఉబుంటు యాప్ సెంటర్ నుంచి తీసుకోకు. అది స్నాప్ ప్యాకేజీ, అంటే విడిగా ఒక గదిలో పెట్టినట్టు నడిచే రకం, డ్రైవర్ల దగ్గరా వేరే డిస్కుల దగ్గరా పేచీ పెడుతుంది. స్టీమ్ సైట్‌లోని డెబ్ ఫైలు, అంటే ఉబుంటు మామూలు ఇన్‌స్టాల్ ఫైలు, దించుకో. దాంతోపాటు 32 బిట్ గ్రాఫిక్స్ లైబ్రరీలు కూడా ఎక్కాలి. మిగతా ఆటలు నడుస్తూ ఎఫ్‌ఎస్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) ఒక్కటే తెరుచుకోకపోతే ముందు అనుమానించాల్సింది వాటినే, ఎందుకంటే అది 32 బిట్ ఆట. స్టీమ్ పాత వెర్షన్ అయితే సెట్టింగ్స్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, మిగతా ఆటలన్నిటికీ స్టీమ్ ప్లే (ప్రోటాన్ వాడే సదుపాయం) ఆన్ అయి ఉందో లేదో చూడు.

ఇక డిస్కు. పాత విండోస్ డ్రైవ్ ఖాళీగా ఉంది కదా అని ఆటని దాని మీద పెట్టకు. ప్రోటాన్ ప్రతి ఆటకీ ఒక చిన్న 'సీ డ్రైవ్' కడుతుంది. అందులో పేరులోనే కోలన్ ఉన్న లింకులుంటాయి. విండోస్ డిస్కుల ఫార్మాట్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఆ పేర్లు పడవు. ప్లే నొక్కితే ఒక్క క్షణం 'రన్నింగ్' అని వెలిగి మళ్లీ 'ప్లే' దగ్గరికే వచ్చేస్తుంది, ఎర్రర్ ముక్క కూడా కనబడదు. లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 చేసిన ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకో.

మొదట ఎఫ్‌ఎస్‌ఎక్స్ స్టీమ్ ఎడిషన్‌తో మొదలెట్టు. అది 2006 నాటి ఆట, భారమంతా ప్రాసెసర్ మీదే వేస్తుంది. కొత్త కార్డు కొన్నా పెద్ద తేడా రాదు. ట్రాఫిక్, ఆటోజెన్ (ఆట తనే నింపే చెట్లూ ఇళ్లూ) స్లైడర్లు బాగా తగ్గించి, ఫ్రేమ్‌లు సెకనుకి 30 దగ్గర కట్టెయ్. 32 బిట్ కాబట్టి నీ దగ్గర 16 జీబీ ర్యామ్ ఉన్నా 4 జీబీ మించి వాడుకోలేదు. అదనపు విమానాలూ దృశ్యాలూ లాంటి బరువైన యాడాన్లు నాలుగు ఎక్కిస్తే ల్యాండింగ్ వేళకి మెమరీ చాలదని మూసుకుపోతుంది. అందులో శంషాబాద్ వెతక్కు, ఆ ఎయిర్‌పోర్టు తెరిచిందే 2008లో. హైదరాబాద్ అంటే దానికి బేగంపేటే.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 కావాలంటే స్టీమ్‌లోనే కొను. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నది లినక్స్‌కి పనికిరాదు. 150 జీబీ ఖాళీ ఉంచు. స్టీమ్ దించేది కొంచెమే, మిగతాదంతా ఆట తెరిచాక లోపలే దిగుతుంది. చిక్కంతా అక్కడే. ఆ దిగే సమయాన్ని కూడా స్టీమ్ నువ్వు ఆడినట్టే లెక్కేస్తుంది. డబ్బు వాపసుకి గడువు 14 రోజులు, ఆడింది 2 గంటల లోపు ఉండాలి. రాత్రంతా డౌన్‌లోడ్‌కి వదిలేస్తే విమానం ఎక్కకముందే ఆ రెండు గంటలూ ఖర్చయిపోతాయి. అందుకే కార్డు సంగతి ముందే తేల్చుకోమన్నాను. గ్రాఫిక్స్‌లో డైరెక్ట్‌ఎక్స్ 12 జోలికి పోకు, 11 మీదే ఉంచు.

జాయ్‌స్టిక్ లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో చాలు. పిడి మెలితిప్పితే రడ్డర్ (తోక చుక్కాని), కింద థ్రాటిల్ (ఇంజన్ వేగం) పిడి. డ్రైవర్ అక్కర్లేదు. ముందు జాయ్‌స్టిక్ పరీక్షించే జేఎస్‌టెస్ట్ ప్రోగ్రాములో నాలుగు యాక్సిస్‌లూ (కదిలే దిశలూ) కదులుతున్నాయో లేదో చూడు. అక్కడ బాగుండి ఆటలో తిక్కగా ఉంటే, ఆట ప్రాపర్టీస్‌లో కంట్రోలర్ కింద స్టీమ్ ఇన్‌పుట్ అనే సదుపాయం ఆపెయ్. అది జాయ్‌స్టిక్‌ని గేమ్‌ప్యాడ్‌లా చూపించి యాక్సిస్‌లు కలగాపులగం చేస్తుంది. థ్రాటిల్ తిరగబడితే ఆట సెట్టింగ్స్‌లో రివర్స్ టిక్ పెడితే సరి.

అన్నీ కుదిరాక ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 ఆటలో గన్నవరం ఎయిర్‌పోర్టు తీసుకో. కోడ్ వీఓబీజెడ్. సెస్నా 172 ఎక్కి 26 రన్‌వే మీంచి లేచి, ఇంచుమించు అదే దారిన తిన్నగా పో. ఇరవై కిలోమీటర్లలో ప్రకాశం బ్యారేజి వస్తుంది, కుడిపక్క ఇంద్రకీలాద్రి, ఎడమపక్క సీతానగరం. కృష్ణ మసక మసగ్గా, ఊరంతా ఒకటే రంగు మరకలా కనబడితే తప్పు కార్డుది కాదు, నెట్ నుంచి డేటా రావట్లేదు. డేటా సెట్టింగ్స్‌లో ఆన్‌లైన్ ఫంక్షనాలిటీ ఆన్ చెయ్. మొదటి రెండు మూడు సార్లు కొత్త చోట్ల బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, అది షేడర్లు, అంటే బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు, తయారవడం. స్టీమ్ 'ప్రాసెసింగ్ వల్కన్ షేడర్స్' అంటున్నప్పుడు స్కిప్ నొక్కకు.

మీ అక్క మ్యాక్ కూడా అడిగావు. ఆపిల్ ఎం సిరీస్ చిప్ మీద బూట్‌క్యాంప్, అంటే మ్యాక్‌లో విండోస్ పెట్టుకునే దారి, లేదు. దానికి ఎక్స్-ప్లేన్ 12 అనే ఇంకో ఫ్లైట్ సిమ్యులేటర్ నేరుగా దొరుకుతుంది, ముందు డెమో వేసి చూడమను. ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ అనే మరో సిమ్యులేటర్ రెండూ నీ ఉబుంటులోనూ ప్రోటాన్ లేకుండానే నడుస్తాయి. ఫ్లైట్‌గేర్ అయితే పైసా ఖర్చు లేదు.

ఎండాకాలం ఒక్కటి గుర్తుంచుకో. మన ఎండలకి మధ్యాహ్నం పూట ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున బాగా నడిచిన ఆట మూడింటికి ఈడిస్తే సెట్టింగ్స్ మార్చకు, కేబినెట్ మూత తీసి ఫ్యాన్ దుమ్ము దులుపు.

కార్డు మోడల్ నంబరు రాసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య