ఓపెన్ మైక్ ఎక్కబోతున్న మేనల్లుడికి

ఏరా అల్లుడూ,

లాస్ ఏంజిలెస్‌లో ఏదో ఓపెన్ మైక్‌లో, అదే ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కేదాంట్లో, రాప్ చెయ్యబోతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఎమ్మెస్ చదవమని పంపిస్తే ఇదేంట్రా అని ఒకటే గోల. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉంది, ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. తుపాకుల గురించి కాదులే, అది మీ అమ్మ భయం.

పేరు ముందే రాయించుకో. బీట్ ఫోన్‌లో దించి పెట్టుకో, నెట్‌ని నమ్మకు. నీ వంతు అవగానే జారుకోకుండా చివరిదాకా కూర్చుని మిగతావాళ్ళని విను.

ఇక అసలు సంగతి. నేను అక్కడ చదివే రోజుల్లో లిమర్ట్ పార్క్ అనే నల్లవాళ్ళ పేటలో గురువారం రాత్రుళ్ళు ప్రాజెక్ట్ బ్లోడ్ అని రాప్ ఓపెన్ మైక్ జరిగేది, 1994లో మొదలైంది. అంతకుముందు ఆ జనమే గుడ్ లైఫ్ అనే హెల్త్ ఫుడ్ షాపులో పాడేవాళ్ళు, అక్కడ బూతులు నిషిద్ధం (మీ అమ్మకి ఈ ముక్క చెప్పు). పాడేది నచ్చకపోతే జనమంతా ఒక్క గొంతుతో "ప్లీజ్ పాస్ ద మైక్" అని అందుకునేవాళ్ళు.

నా రూమ్మేట్ ఒకడుండేవాడు, ఒంగోలు వైపువాడు. కారులో పొద్దస్తమానం ఆ పాటలే, కానీ ఆ పేట పక్కనే ఉన్న క్రెన్షా రోడ్డు మీద రెడ్ సిగ్నల్ పడితే డోర్లు లాక్ చేసేవాడు. ఒక రాత్రి ధైర్యం చేసి స్టేజీ ఎక్కి, లేని యాస తెచ్చిపెట్టుకుని, గ్యాంగులూ గన్నులూ అంటూ మొదలెట్టాడు. కాసేపటికే పాస్ ద మైక్. సరే, అది ఎవరికైనా పడేదే. కొంప మునిగింది బయటికొచ్చాక. పేవ్‌మెంట్ మీద గుండ్రంగా నిలబడి ఒకరి తర్వాత ఒకరు రాప్ అందుకుంటూ సైఫర్ నడుపుతున్నారు, అందులో ఒకాయన మర్యాదగానే, ఏ ఊరు తమ్ముడూ అని అడిగాడు. వీడు ఆ పక్కనే ఉన్న ఇంగిల్‌వుడ్ అన్నాడు. ఏ హైస్కూల్ అన్నాడాయన. అంతే, నోరు పెగల్లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆయన అటు తిరిగి పక్కవాడితో మాటల్లో పడ్డాడు. 1990లో వనిల్లా ఐస్ అనే తెల్ల రాపర్ పేరున అచ్చయిన జీవితకథలో కట్టుకథలున్నాయని పేపర్లో వచ్చి ఎంత నవ్వులపాలయ్యాడో మా అందరికన్నా వీడికే బాగా తెలుసు! పైగా వీడి చిన్నతనమంతా పొగాకు బ్యారన్ల దగ్గర గడిచింది. రాత్రంతా మేలుకుని మంట చూసుకునే నాన్న, ధర పడిపోయిన ఏడు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇవన్నీ ఉల్లిపాయలు తరుగుతూ నాకు చెప్పేవాడు. మైక్ దొరికితే మాత్రం ఇంగిల్‌వుడ్. వెధవ. మళ్ళీ అటువైపు పోలేదు, పాడనూ లేదు, అదే నాకు బాధ.

హిప్ హాప్ మొదలెట్టిన కూల్ హెర్క్ కూడా జమైకా నుంచి వచ్చినవాడే కదా అంటావు, నాకు తెలుసు నీ వాదనలు. నిజమే, కానీ 1973లో సెడ్జ్‌విక్ అవెన్యూలో పార్టీ పెట్టేనాటికి ఆయన న్యూయార్క్‌లోని ఆ బ్రాంక్స్ జనంలో ఒకడు. నువ్వు నిన్నగాక మొన్న ఫ్లైట్ దిగావు.

నల్లవాళ్ళని తిట్టే ఆ ఎన్-వర్డ్ ఒక్కటి మాత్రం నీ నోట రాకూడదు, వేరేవాళ్ళ పాటలో ఉన్నా సరే. 2018లో అలబామాలో రాపర్ కెండ్రిక్ లమార్ ఒక తెల్లమ్మాయిని తనే స్టేజీ మీదికి పిలిచాడు, ఆ అమ్మాయి పాటలో ఉన్నదున్నట్టు పాడితే ఆపేశాడు. మనం తెల్లవాళ్ళం కాదుగా అనకు. మన పాట్‌లక్‌లలో నల్లవాళ్ళ గురించి ఎలాంటి మాటలు దొర్లుతాయో నువ్వూ విన్నావు, నేనూ విన్నాను, అందులో ఒక్కటీ నీ నోట పలికినట్టు తెలిస్తే నేనే వచ్చి మైక్ లాక్కుంటాను.

జిన్ అనే కుర్రాడిని చూడు. 2002లో టీవీలో వచ్చే రాప్ పోటీలో ఎదుటివాళ్ళు అతని మొహం మీద జోకులేస్తే, చైనీస్‌వాడినని తనే చెప్పుకుని తిప్పికొట్టి ఏడు వారాలు వరసగా గెలిచాడు. నీకు గెలుపూ అక్కర్లేదు నాన్నా, ఏ ఊరని అడిగితే తెనాలి అని చెప్పు చాలు. అదెక్కడ అంటారు, చెప్పు, వింటారు.

రాసింది మాత్రం నాకు ముందే పంపకు. నేను దిద్దడం మొదలెడితే అందులో నువ్వు మిగలవు.

మామయ్య