ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళితే జైలుకు పంపుతారా?

పంపరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, అలాంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు లేదు. ప్రభుత్వోద్యోగిని విధులకు అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే మాత్రం ఆ సంహితలోని 226వ సెక్షన్ కింద నేరం. ఇంట్లో బాధతో జరిగినదానికి అది వర్తించదు.

నర్సంపేట దగ్గరి పల్లె నుంచి ఒక యువకుణ్ణి వరంగల్ ఎంజీఎంకు తెచ్చారనుకోండి. కేసవుతుందన్న భయంతో అన్న "కడుపునొప్పి, అంతే" అంటాడు. డాక్టరు కడుపునొప్పికి కారణం వెతుకుతూ ఉంటారు, విలువైన సమయం పోతుంది. కేసు భయం కంటే ఈ అబద్ధమే ప్రమాదకరం.

అపోహ పుట్టేది ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అనే మాట దగ్గర. ఆసుపత్రి ఆ వివరాలు రాసుకుని పోలీసులకు తెలియజేస్తుంది, వాళ్లు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. వార్డులో ఖాకీ చొక్కా కనబడగానే "కేసు పెట్టారు" అని ఊరంతా పాకుతుంది. నిజానికి అది ఎవరైనా హాని చేశారా, వేధించారా అని తెలుసుకోవడానికి పెట్టే నమోదు, బాధితుడిపై నేరారోపణ కాదు.

అలాంటి ఆలోచనలు వస్తున్నవారు, ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు కూడా 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.