బొమ్మల కథ చదివి వినిపిస్తూ మాటలు నేర్పడం ఎలా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ క్లాసులోని ఆరేళ్ల పిల్లలు కథ ఇష్టంగానే వింటున్నారు గానీ అందులోని కొత్త మాటలు వాళ్లకి అంటుకోవడం లేదని రాశావు. ఊరికే చదువుకుంటూ పోతే అంటుకునేవి కొన్నే. న్యూజిలాండ్‌లో వార్విక్ ఎలీ అనే విద్యా పరిశోధకుడు ఏడెనిమిదేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనం 1989లో వచ్చింది. ఏ వివరణా లేకుండా కథ వినిపిస్తే కొత్త మాటల పరీక్షలో దాదాపు 15 శాతం మెరుగుపడ్డారు. చదువుతూ మధ్యలో మాటల్ని క్లుప్తంగా విడమరిచి చెబితే అది దాదాపు 40 శాతానికి పెరిగింది. అంటే తేడా అంతా నువ్వు ఆగే ఆ కొద్ది క్షణాల్లో ఉంది. వాటిని అప్పటికప్పుడు తోచినట్టు వాడకూడదు. ముందే కూర్చుని అనుకుని వెళ్లాలి.

ముందు పుస్తకం సంగతి. పిల్లలు తమంతట తాము చదవగలిగే పుస్తకం ఈ పనికి పనికిరాదు. పేజీకి ఒకే చిన్న వాక్యం ఉండి, అందులో తెలిసిన మాటలే ఉన్న పుస్తకాలు అక్షరాలు కూడబలుక్కోవడానికి మంచివి, మాటలు నేర్పడానికి కాదు. ఈ వయసు పిల్లలకు చదవగలిగిన దానికన్నా విని అర్థం చేసుకోగలిగింది చాలా ఎక్కువ. కాబట్టి వాళ్ల చదువుకన్నా ఒకటి రెండు తరగతులు పై స్థాయి కథ తీసుకో. బొమ్మల పుస్తకాలు సాధారణంగా 32 పేజీలుంటాయి. ఆ నిడివి పదిహేను ఇరవై నిమిషాల్లో, మాటలతో సహా, హడావిడి లేకుండా పూర్తవుతుంది. అయిదేళ్ల వాళ్లయితే పన్నెండు నిమిషాలకే కదలడం మొదలుపెడతారు. వాళ్లకి ఇంకా చిన్న కథ చూడు.

ఇక మాటలు ఎంచడం. అసలు పనంతా ఇక్కడే ఉంది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

పుస్తకాన్ని ఇంట్లో రెండుసార్లు పైకి చదువు. పిల్లలకి తెలియవని తోచిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకో. పది పదిహేను తేలతాయి. వాటిలోంచి మూడే ఉంచు, మహా అయితే నాలుగు. మిగతావి కొట్టెయ్యడానికి మనసొప్పదు, నిజమే. కానీ పది మాటలు చెబితే ఒక్కటీ నిలవదు. వాటికోసం ఆగి ఆగి చదివితే కథ కూడా చెడుతుంది.

ఏ మూడు? ఒక కథ అనుకుందాం. ఉడుతపిల్ల వాగు దాటాలి. వాగు మీద అడ్డంగా ఒక దుంగ పడి ఉంది. పిల్ల దుంగ దగ్గర తటపటాయించింది. అవతలి గట్టున పొదలో పాము ఉందని తల్లి పసిగట్టింది. వణికిపోతున్న పిల్లను బుజ్జగించి మరో దారిన తీసుకుపోయింది. ఇందులో వాగు, దుంగ, పొద కొందరికి కొత్తవే. కానీ వాటి పని బొమ్మే చేసిపెడుతుంది. చదువుతూ వేలితో బొమ్మ మీద తాకితే చాలు, ఆగనక్కరలేదు. తటపటాయించు, పసిగట్టు, బుజ్జగించు అనేవి అలాంటివి కావు. వాటిని బొమ్మలో వేలు పెట్టి చూపించలేం. పైగా ఈ మాటలు ఈ కథతో అయిపోవు. రేపు ఇంకో కథలో, పాఠంలో, పెద్దల మాటల్లో మళ్లీ ఎదురవుతాయి. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కోన్ అనే విద్యా పరిశోధకులు మాటల్ని మూడు అంతస్తులుగా చూడమన్నారు: అందరికీ తెలిసిన రోజువారీ మాటలు, ఎన్నో సందర్భాల్లో వాడుకునే పరిణతి ఉన్న మాటలు, ఒకే శాస్త్రానికో వృత్తికో చెందిన మాటలు. నీ శ్రమ మధ్య అంతస్తు మీద పెట్టు. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఆ మాట చెప్పే భావం పిల్లలకి ఇప్పటికే తెలిసి ఉండాలి, దానికి పేరు మాత్రమే తెలియకుండా ఉండాలి. చేయాలా వద్దా అని ఆగిపోవడం ఆరేళ్ల పిల్లలందరికీ తెలిసిందే. అందుకే 'తటపటాయించు' వాళ్లకి అందుతుంది.

ఎంచుకున్న ప్రతి మాటకూ ఒక చిన్న చీటీ రాసి ఆ పేజీలో అంటించు. చీటీ మీద అర్థం పూర్తి వాక్యంగా ఉండాలి, వాళ్లు రోజూ మాట్లాడే మాటల్లో ఉండాలి. 'తటపటాయించడం అంటే చేయాలా వద్దా అని తేల్చుకోలేక కాసేపు ఆగిపోవడం.' 'పసిగట్టడం అంటే ఎవరూ చెప్పకుండానే చిన్న చిన్న గుర్తుల్ని బట్టి ముందే కనిపెట్టడం.' 'బుజ్జగించడం అంటే ఏడుస్తున్నవాళ్లనో అలిగినవాళ్లనో మంచిమాటలు చెప్పి ఊరుకోబెట్టడం.' నిఘంటువులో చూసి రాయకు. అక్కడ బుజ్జగించడానికి అర్థంగా అనునయించు అని ఉంటే, తెలియని మాటకు ఇంకో తెలియని మాట దొరికినట్టే. క్లాసులో నిలబడి ఉన్నపళంగా చెబుదామని కూడా అనుకోకు. సగం వాక్యం దగ్గర తడబడతాం, పిల్లలు ఆ సగాన్నే పట్టుకుంటారు.

చదివేటప్పుడు పిల్లల్ని బల్లల మీంచి లేపి దగ్గరగా అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టు. పుస్తకాన్ని భుజం పక్కన, వాళ్ల కంటి ఎత్తులో, కింది నుంచి వెన్ను పట్టుకుని చూపించు. పేజీ పై మూలనుంచి తిప్పు, లేదంటే నీ చెయ్యే బొమ్మకు అడ్డమొస్తుంది. నలభైమంది ఉంటే వెనకవాళ్లకి బొమ్మ కనబడదు. కనబడనివాళ్లు వినడం మానేస్తారు. వీలైతే రెండు జట్లుగా రెండు రోజులు చదువు. లేదంటే ప్రతి పేజీ అయ్యాక బొమ్మను నెమ్మదిగా ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పి చూపించు.

బొమ్మ గురించి ఒక హెచ్చరిక. అది ఎంత సాయం చేస్తుందో అంతగా తప్పుదారీ పట్టిస్తుంది. ఉడుతపిల్ల ఒక కాలెత్తి దుంగ ముందు నిలబడి ఉన్న బొమ్మ చూస్తూ 'తటపటాయించింది' అని వింటే, ఆ మాటకు అర్థం ఒంటికాలి మీద నిలబడడమని అనుకునే పిల్లలుంటారు. తల్లి ఒళ్లు నిమురుతున్న బొమ్మ చూసి బుజ్జగించడం అంటే నిమరడమే అనుకుంటారు. బెక్, మెక్‌కోన్ ముందు వాక్యాలు చదివి, దాని గురించి మాట్లాడించి, ఆ తర్వాతే బొమ్మ చూపించమన్నారు. బొమ్మ ముందుంటే పిల్లలు మాటలు వినకుండా బొమ్మ చూసే జవాబిస్తారని వాళ్లు గమనించారు. ప్రతి పేజీకీ ఇలా చేయనక్కరలేదు. నువ్వు ఎంచిన మాట ఉన్న పేజీల్లో మాత్రం తప్పకుండా చెయ్యి.

మొదటి రోజు చదువులో కథదే పైచెయ్యి. మాట వచ్చినచోట వాక్యం పూర్తిచేసి, చీటీలోని అర్థం ఒక్కసారి చెప్పి, ఆ వాక్యాన్ని మళ్లీ చదివి ముందుకెళ్లిపో. అయిదారు సెకన్లు, అంతే. 'తటపటాయించడం అంటే ఎవరికి తెలుసు?' అని మాత్రం అడగకు. చాలామంది టీచర్లు అడుగుతారు, పిల్లలతో ఆలోచింపజేస్తున్నామనుకుంటారు. తెలియని మాటకు ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒకడు పడిపోవడం అంటాడు, ఇంకొకడు తట్టడం అంటాడు. తప్పు జవాబులు నాలుగు విన్నాక నువ్వు చెప్పే సరైనది అయిదోది అవుతుంది, ఇంటికెళ్లేసరికి ఏది గుర్తుంటుందో చెప్పలేం. చివర్లో 'అర్థమైందా' అని అడగడమూ దండగే. అందరూ ఒక్క గొంతుతో 'ఆఁ' అంటారు.

కథ పూర్తయ్యాక అసలు మాటల పని. మూడు మాటలకు కలిపి పది నిమిషాలు పెట్టుకో. ఒక్కో మాటనూ కథలోంచే ఎత్తుకో: 'ఉడుతపిల్ల దుంగ దగ్గర ఏం చేసింది? తటపటాయించింది.' పిల్లలందరిచేతా ఆ మాట పలికించు. త, ట, ప, టా, యిం, చు అని అక్షరానికో చప్పట్టు కొట్టించు. పలకడం సరిగా రాని మాట గుర్తుండదు. 'తటపయించు', 'టతపటాయించు' అనేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లకి అర్థం తెలిసినా నోరు తిరగక ఆ మాట వాడరు. అందుకే మూడుసార్లు పలికించడం బద్ధకించవద్దు.

తర్వాత కథ బయటికి తీసుకురా. చాలామంది చేయకుండా వదిలేసేది ఇదే. కథలోనే ఉండిపోతే 'తటపటాయించు' అనేది ఉడుతలు దుంగ దగ్గర చేసే పనిగా మిగిలిపోతుంది. కనీసం రెండు వేరే సందర్భాలు నువ్వు చెప్పు: జారుడుబల్ల ఎక్కి దిగడానికి తటపటాయించడం, జవాబు తెలిసీ చెయ్యెత్తడానికి తటపటాయించడం. ఆ పైన వాళ్లకి అవునా కాదా ప్రశ్నలివ్వు, ప్రతిదానికీ ఎందుకో చెప్పించు. బెత్తం చూపించి ఏడుపు ఆపించడం బుజ్జగించడమా? పుట్టినరోజు ఎప్పుడో అమ్మ చెబితే తెలుసుకోవడం పసిగట్టడమా? 'కాదు' అనే జవాబులే మాటకు సరిహద్దు గీస్తాయి, కాబట్టి అవి సగమైనా ఉండేలా చూడు.

'పసిగట్టు' లాంటి మాట దగ్గర ఇంకో చిక్కుంది. పిల్లలకి 'పసి' అంటే పసిబిడ్డ. కాబట్టి ఇది చంటిపిల్లలకు సంబంధించిన మాట అనుకుంటారు. ఇక్కడి 'పసి' వాసన. జంతువు వాసన పట్టి కనిపెట్టినట్టు కనిపెట్టడమన్నమాట. ఈ ఒక్క ముక్క చెబితే మాట మరిచిపోరు. తెలిసిన ముక్క లోపల ఉండి తప్పుదోవ పట్టించే మాటల్ని చీటీ రాసేటప్పుడే గుర్తుపట్టు.

క్రియల విషయంలో మన భాషలో ఇంకో జాగ్రత్త కావాలి. తటపటాయించింది, తటపటాయిస్తూ, తటపటాయించకుండా. మనకి ఒకే మాటగా వినబడేవి ఆరేళ్లవాళ్లకి మూడు వేర్వేరు మాటలు కావచ్చు. కథలో ఉన్న రూపం చెప్పి, వెంటనే 'తటపటాయించడం' అని చెప్పు. మర్నాటి నుంచి కావాలనే రూపం మార్చి వాడు.

చివరికి మాట పిల్లల నోటినుంచి రావాలి. 'నేను ... తటపటాయించాను, ఎందుకంటే ...' అని సగం వాక్యం ఇచ్చి పక్కవాళ్లతో చెప్పుకోమను. అందరికీ ఒకేసారి మాట్లాడే అవకాశం ఉంటుంది, నువ్వు తిరుగుతూ వినొచ్చు. 'నేను పుస్తకం తటపటాయించాను' అంటాడు ఒకడు. తప్పు అనకు. 'పుస్తకం తియ్యాలా వద్దా అని తటపటాయించావా? ఎందుకూ?' అని సరైన వాక్యంలో పెట్టి తిరిగి అడుగు. వాడు జవాబిస్తూ తనే సరిచేసుకుంటాడు.

అదే పుస్తకం రెండు రోజుల తర్వాత మళ్లీ చదువు. విసుగొస్తుందని భయపడకు. ఈ వయసు పిల్లలు తెలిసిన కథనే ఎక్కువ కోరుకుంటారు. ఈసారి మాట దగ్గర గొంతు ఆపు. 'పిల్ల దుంగ దగ్గర...' అనగానే వాళ్లే అందుకోవాలి. మూడోసారి పుస్తకం మూసి, బొమ్మలు మాత్రం చూపించి కథ వాళ్లచేత చెప్పించు. మూడు మాటలూ వాడాలని ముందే చెప్పు. ఒక్కసారి చదివి కొత్త పుస్తకానికి వెళ్లిపోతే మొదటిరోజు పడ్డ శ్రమ చాలావరకు వృథా.

మిగతా రోజంతా ఆ మాటలు నీ నోట్లో ఆడాలి. లెక్కల పీరియడ్‌లో, వరుసలో నిలబెట్టేటప్పుడు, ఎవరైనా ఏడ్చినప్పుడు. 'ఎవరు వెళ్లి బుజ్జగిస్తారు?' అని అడిగితే పదిమంది పరిగెత్తుతారు. నల్లబల్ల మూలన మూడు మాటలూ రాసి, క్లాసులో ఎవరు వాడినా ఒక గీత గియ్యి. గీతలకోసమైనా వాడతారు, అలా వాడగా వాడగా అలవాటవుతుంది.

ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు, అసలు నోరు విప్పని పిల్లలు ఉంటే, కథకు ముందు వాళ్ల నలుగురైదుగురితో అయిదు నిమిషాలు కూర్చుని బొమ్మలు తిప్పుతూ ఆ మూడు మాటలూ వినిపించు. అర్థం వాళ్ల ఇంటి భాషలో చెప్పుకోనివ్వు, అభినయించనివ్వు. తర్వాత అందరితో వింటున్నప్పుడు వాళ్లకి ఆ మాట రెండోసారి అవుతుంది. ప్రశ్న అడిగేటప్పుడు చెయ్యెత్తినవాళ్లనే పిలిస్తే ఆ నలుగురూ ఎప్పటికీ వినేవాళ్లుగానే ఉండిపోతారు.

విత్తనాలు, రాళ్లు, వానల గురించి చెప్పే సమాచార పుస్తకాలైతే లెక్క కాస్త మారుతుంది. అక్కడ మొలక, బీజదళం లాంటి ఆ విషయపు మాటలే ముఖ్యం, వాటికి బొమ్మే మొదటి గురువు.

నేర్చుకున్నారో లేదో చూడడానికి అర్థం చెప్పమని అడగకు, పెద్దవాళ్లకే అది కష్టం. పదిరోజుల తర్వాత వారానికి అయిదుగురు చొప్పున పక్కకు పిలిచి రెండు సందర్భాలు చెప్పి ఏది తటపటాయించడమో అడుగు, తర్వాత సొంతంగా ఒకటి చెప్పమను. గుర్తుపట్టినవాళ్లకి ఒక టిక్కు, సొంతంగా వాడినవాళ్లకి రెండు. సగంమందికి టిక్కు లేదంటే, చీటీలో రాసిన అర్థం మళ్లీ చదివి చూసుకో. సాధారణంగా లోపం అక్కడే ఉంటుంది.

గోడమీద మాటల చార్టు పెడతానన్నావు. పెట్టు, కానీ పన్నెండు మాటలు దాటనివ్వకు. అందరికీ వచ్చేసిన మాటను పిల్లలచేతే తీయించి ఒక డబ్బాలో వేయించు. నెలకోసారి డబ్బాలోంచి నాలుగైదు చీటీలు తీసి అడుగు. ఎవరికీ గుర్తురాని మాట మళ్లీ గోడ ఎక్కుతుంది.

వచ్చే సోమవారం చదవబోయే కథలోంచి ఏ మూడు మాటలు ఎంచావో, వాటి చీటీల్లో ఏం రాశావో నాకు రాసి పంపు. మొదటి నాలుగు పుస్తకాల వరకూ కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ