వియ్యంకులకు ఈ ప్లేట్లలో ఎలా పెట్టాలి?

ప్రశ్న: మాది నల్గొండ. పోయిన వేసవిలో అమ్మాయి పెళ్లయింది. దసరాకు వియ్యంకులు ఆరుగురు మొదటిసారి భోజనానికి వస్తున్నారు. ఇంట్లో ఒకే రకం ప్లేట్లు ఆరు కూడా లేవు. కొత్త సెట్ కొనే వీలు లేదు. ఉన్నవాటితోనే సరదాగా టేబుల్ సర్దుతానని, పేర్ల చీటీలు పెడతానని అమ్మాయి అంటోంది. ‘ఇది పిల్లల ఆటనా, వాళ్లు ఏమనుకుంటరు?’ అని మా అత్తమ్మ కోప్పడుతోంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో వంట గురించి ఒక్క మాటా లేదు. అంటే దాని మీద మీకు బెంగ లేదన్నమాట. వియ్యంకులకు మీ పరిస్థితి పెళ్లినాడే తెలుసు. అప్పు చేసి సెట్ కొనకండి.

అమ్మాయి తన పుట్టింటిని అత్తింటివాళ్లకు తన చేత్తో చూపించుకోవాలని ఆరాటపడుతోంది. చేయనివ్వండి. ప్లేట్లు ఏ రకమైనా, పైన మోదుగాకు విస్తరి వేస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఎండు విస్తళ్ల మీద ముందుగా నీళ్లు చల్లితే మెత్తబడతాయి, చిట్లవు. కింద ప్లేటు ఉంది కాబట్టి పచ్చిపులుసు కారుతుందన్న భయమూ ఉండదు. మధ్యలో గంపెడు బాలానగర్ సీతాఫలాలు పెట్టండి. భోజనమయ్యాక అవే పండ్లు తినొచ్చు.

చీటీల విషయంలో మాత్రం జాగ్రత్త. పెద్దవాళ్ల పేర్లు రాస్తే నొచ్చుకునేవాళ్లుంటారు. అమ్మాయి పిలిచే వరసే, అత్తయ్య, మామయ్య అని రాయమనండి. పిల్లలకైతే పేర్లు. వెనకవైపు ఒక్కొక్కరి గురించి పెళ్లిలో తనకు నచ్చిన ముచ్చట ఒకటి రాస్తే, వాళ్లు ఒకరి చీటీ ఒకరు లాక్కుని చదువుకుంటారు. ఆటపట్టించే మాట మాత్రం వద్దు. కొత్త చుట్టరికం, ఎవరి మనసు ఎక్కడ నొచ్చుతుందో ఇంకా తెలియదు కదా.

ఇక మీ అత్తమ్మ. ఇన్నేళ్లూ వచ్చినవాళ్లకు మర్యాదలన్నీ ఆమె చేతుల మీదే జరిగి ఉంటాయి. ఇప్పుడు అన్నీ మనవరాలే చేస్తుంటే తనను పక్కన పెట్టారని బాధ ఉండొచ్చు. కాళ్లకు నీళ్లు ఎవరివ్వాలి, ముందు ఎవరికి వడ్డించాలి, అన్నీ ఆమెనే అడగండి. మొదటి వడ్డన ఆమె చేతనే చేయించండి. నానమ్మ అని ఆమెకూ ఒక చీటీ రాయమనండి. అమ్మాయే దగ్గర కూర్చుని చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

అలంకారం ఎక్కువై కూర గిన్నెలకు చోటు లేకుండా పోతుంది చాలా ఇళ్లలో. ముందు రోజు రాత్రే ఖాళీ గిన్నెలు పెట్టి ఒకసారి సర్ది చూసుకోండి. ఇరుకనిపిస్తే బగారన్నం గిన్నెను పక్కన స్టూల్ మీద పెట్టేయండి.