అలల ఫొటోలు తీసే అబ్బాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా వాళ్ళ నాన్న ఫోన్ పట్టుకుని సముద్రం, మబ్బులు ఫొటోలు తీస్తుంటాడు. ఇంజినీరింగ్ వద్దట, నేచర్ ఫొటోగ్రాఫర్ అవుతాడట. లక్షన్నర కెమెరా కొనమని గొడవ. వాళ్ళ నాన్నకి ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, కెమెరా ఇప్పుడే కొనకండి. అలాగని బాబుని బలవంతంగా ఇంజినీరింగ్‌లో వేయకండి.

ప్రకృతి ఫొటోల మీదే ఇల్లు నడిపేవాళ్ళు చాలా తక్కువ. చాలామందికి పెళ్ళిళ్ళు, రిసార్టుల పనే అన్నం పెడుతుంది. అది చిన్న పనేం కాదు గానీ, బాబుకి ఈ సంగతి ముందే తెలియాలి.

చలికాలంలో వనజంగి కొండెక్కితే మబ్బుల సముద్రాన్ని అందరూ తీస్తారు, అందరివీ బాగానే వస్తాయి. అందుకే వాటిని డబ్బిచ్చి కొనేవాళ్ళు ఉండరు. తీస్తున్నదేమిటో తెలిసి తీసిన ఫొటో సంగతి వేరు. ఆర్కే బీచ్‌నే తీసుకోండి. మన తీరంలో ఇసుక ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. హార్బర్ గోడలు దాన్ని అడ్డుకోవడంతో బీచ్ కోతకు గురవుతోంది. పోర్టు వాళ్ళు ఇసుక తవ్వి తెచ్చి పోయడం అందుకే. బాబు నెలకోసారి ఒకే చోట నిలబడి, ఒకే వైపు ఫోన్ పెట్టి, తేదీ, సమయం, ఆటుపోట్లు రాసుకుంటూ ఏడాది పాటు తీస్తే, అది సముద్రం బలానికి రికార్డు అవుతుంది. పత్రికలకీ, తీరం మీద పరిశోధన చేసేవాళ్ళకీ పనికొస్తుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల్లో వాన కోసిన లోతైన చాళ్ళనీ ఇలాగే తీయొచ్చు. అంత ఓపిక లేకపోతే అది సరదానే, సరదాగానే ఉండనివ్వండి. ఉంటే మాత్రం సెకండ్‌హ్యాండ్ కెమెరాతో మొదలుపెట్టించండి.

చదువు విషయంలో నా ఓటు నేల, తీరం, కొండల గురించి చెప్పే జియాలజీ డిగ్రీకి. ఎంపీసీ సరిపోతుంది. ఆ తర్వాత ఆసక్తి నిలిస్తే గాంధీనగర్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ డిజైన్ ఎం.డెస్, అంటే డిజైన్‌లో పీజీ ఉంది, డిగ్రీతో ప్రవేశపరీక్ష రాయొచ్చు. మనసు మారితే ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసుకోవచ్చు. నేరుగా ఫొటోగ్రఫీయే కావాలంటే హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ళ బీఎఫ్‌ఏ ఉంది. చేరే ముందు ఆ ఏటి సీట్ల నిబంధనలు చూసుకోండి.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్’ పోటీకి 17 ఏళ్ళ వరకు ఎంట్రీ ఫీజు లేదు. గెలవకపోయినా రూల్స్ చదివించండి. ఫొటోలో లేనిది కలపకూడదు, ఉన్నది చెరపకూడదు, తుది దశకు వస్తే ఒరిజినల్ ఫైలు ఇవ్వాలి. యాప్‌లో ఆకాశం మార్చే అలవాటుంటే ఇప్పుడే మానాలి.

తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు రాళ్ళ మీదకి వెళ్ళనివ్వకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. గాలి తగ్గాక తీసేవే ఎక్కువ పనికొస్తాయి. ఒరిగిన చెట్లు, బోడి కొండలు, తర్వాతి వానలకు వాటి మీద మొలిచిన పచ్చదనం.

డ్రోన్ అడుగుతాడేమో. మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, విమానాశ్రయం కూడా నేవీదే. డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా, అనుమతి లేకుండా ఎక్కడా ఎగరేయనివ్వకండి.