21 దాటిన అబ్బాయికి గ్రీన్‌కార్డు దారి మూసుకుపోయినట్టేనా?

ప్రశ్న: అమెరికా పౌరుడైన మా తమ్ముడు 2006 మే 10న మా కోసం ఎఫ్4 (తోబుట్టువుల కోటా గ్రీన్‌కార్డు) పిటిషన్ వేశాడు. 2010 నవంబరు 15న ఆమోదం వచ్చింది. గతేడాది మా వంతు వచ్చేసరికి అబ్బాయికి 24 ఏళ్ల 10 నెలలు. 21 దాటితే రానివ్వరన్నారు. వాణ్ని వదిలి వెళ్లలేక ఏడుస్తూ పది నెలలుగా ఏ కాగితమూ కదపలేదు. వాడి పన్నెండో ఏటే మేనమామ దత్తత తీసుకున్నట్టు పాత తేదీతో పత్రం రాయిస్తానని ఓ కన్సల్టెంట్ అంటున్నాడు. ఒప్పుకోమంటారా? – ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, అబ్బాయి అసలు వయసు పట్టుకుని కూర్చున్నారు. కేసు తేల్చేది అది కాదు. పిటిషన్ అందిన రోజు నుంచి ఆమోదం దాకా పెండింగులో ఉన్న కాలాన్ని, వంతు వచ్చిన నాటి వయసులోంచి తీసేయాలని 2002 నాటి అమెరికా చట్టం (సీఎస్‌పీఏ) చెబుతోంది. మీ పిటిషన్ నాలుగున్నరేళ్లు పెండింగులో ఉంది. అది తీసేస్తే అబ్బాయికి 20 ఏళ్ల 4 నెలలు. చట్టం లెక్కలో వాడింకా పిల్లవాడే.

అయితే ఈ రక్షణకు గడువుంది. అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే వీసా బులెటిన్‌లోని ఫైనల్ యాక్షన్ పట్టికలో (ఎవరి వంతు వచ్చిందో చెప్పేది) మీ పిటిషన్ తేదీ దాటిన నెల నుంచి ఏడాదిలోపు అబ్బాయి వీసా కోసం అడుగు వేయాలి. పది నెలలు చేజేతులా పోగొట్టుకున్నారు! ఒక్కరిని సరిగ్గా అడిగినా ఈ టెన్షన్ ఉండేది కాదు. ఈ వారమే వాడి పేరున ఫీజు కట్టి, డీఎస్-260 ఫారం (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) విడిగా సబ్మిట్ చేయండి. మీ ఫారంలో కొడుకుగా పేరు రాస్తే చాలనుకోవద్దు. కట్టిన ఫీజు నమోదయ్యాక గానీ ఫారం తెరుచుకోదు, దానికి కొన్ని రోజులు పడుతుంది. సబ్మిట్ చేశాక వచ్చే కన్ఫర్మేషన్ పేజీని తేదీ కనిపించేలా ప్రింట్ తీసి దాచండి. మీ తమ్ముడి దగ్గరున్న ఐ-797 ఆమోదం నోటీసు కాపీ ఈ రోజే తెప్పించండి. అందిన తేదీ, ఆమోదం తేదీ రెండూ దాని మీదే ఉంటాయి, మన లెక్కకు సాక్ష్యం అదే.

దత్తత పత్రం జోలికి మాత్రం వెళ్లకండి. స్టాంపు పేపరు ఎప్పుడు అమ్మారో దాని మీదే ఉంటుంది. నిజమైన దత్తతైనా 16 ఏళ్లలోపు జరగాలి, పెంచుకున్నవాళ్ల దగ్గర రెండేళ్లు పెరిగి ఉండాలి. మీవాడు మీ ఇంట్లోనే పెరిగాడని వాడి స్కూలు రికార్డులే చెబుతాయి. మోసమని తేలితే వాడికి అమెరికా వీసా జీవితాంతం నిషేధం, మీ తమ్ముడి మీదా కేసు. నిజంతో గెలిచే కేసును అబద్ధంతో చంపుకోకండి.

ఇంకోటి, గ్రీన్‌కార్డు వీసాతో అక్కడ అడుగుపెట్టేదాకా వాడికి పెళ్లి చేయొద్దు. గుళ్లో చేశాం, రిజిస్టర్ చేయించలేదు అన్నా అది పెళ్లే.

ఒకవేళ ఏడాది దాటిపోతే, ఆలస్యానికి అసాధారణ కారణం చూపగలిగితే తప్ప ఈ దారి లేదు. దుఃఖంలో ఉన్నామంటే ఆ కారణం కిందికి రాదు. అప్పుడు మీరు ముందు వెళ్లి, గ్రీన్‌కార్డు హోదాలో పెళ్లికాని కొడుకు కోసం ఎఫ్2బీ పిటిషన్ వేయాలి. పాత 2006 తేదీ దానికి కలవదని అమెరికా సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది. క్యూ మళ్లీ మొదటి నుంచీ మొదలవుతుంది.